పాఠ్యప్రణాళిక: కాబోయే ఉపాధ్యాయుడు వేయవలసిన ప్రశ్నలు

పాఠ్యపుస్తకం గురించి మన రచయితలు సాధారణంగా రెండు సందర్భాల్లోనే మాట్లాడతారు: తమకు నచ్చిన రచన అందులో చేరినప్పుడు, దాన్ని తొలగించినప్పుడు. ఈ రెండింటి మధ్య తరగతి గదిలో ఆ రచన ఏమవుతోందో పట్టించుకునేవారు తక్కువ. పుస్తకంలో ఏ పాఠాలుండాలన్నది పాఠ్యప్రణాళికలో ఒక భాగం మాత్రమే. ఆ పాఠం ఎందుకు చెప్పాలి, ఏ క్రమంలో చెప్పాలి, అది పిల్లవాడికి అందిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవి కూడా పాఠ్యప్రణాళికే. బి.ఇడి. చదివేవారికి ఈ సూత్రాలన్నీ చెబుతారు. కాని వాటిని పరీక్షకోసం వల్లించటం వేరు, తరగతిలో వాటితో ఆలోచించటం వేరు.

ఒక అనుభవం చెబుతాను. మా పాఠశాలకు బోధనాభ్యాసానికి వచ్చిన ఒక ఛాత్రోపాధ్యాయిని ఏడో తరగతికి ఉప్పూ కర్పూరం పోలికతో సాగే వేమన పద్యం చెబుతున్నది. పాఠ్యపథకం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. జ్ఞానం, అవగాహన, వినియోగం అని లక్ష్యాలను విభజించింది. భావం చెప్పటం పూర్తయ్యాక వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మా ఊరి షావుకారు దగ్గర కూడా రెండు కాటాలూ ఒక్కలాగే ఉంటాయి టీచర్. మా వడ్లు కొనేటప్పుడు ఒకటి, మాకు బియ్యం అమ్మేటప్పుడు ఇంకొకటి" అన్నాడు. తరగతి నవ్వింది. ఆమె వాణ్ణి కూర్చోబెట్టి ప్రతిపదార్థంలోకి వెళ్లిపోయింది. తరవాత అడిగితే, "అది నా పాఠ్యపథకంలో లేదు మాస్టారూ" అంది.

నిజానికి ఉంది. 'విద్యార్థి పద్యభావాన్ని నిత్యజీవితానికి అన్వయించగలడు' అని వినియోగం శీర్షిక కింద ఆమే రాసుకుంది. ఆ లక్ష్యం లేచి నిలబడి మాట్లాడితే ఆమె గుర్తుపట్టలేకపోయింది. ఇది ఆమె ఒక్కతె లోపం కాదు, మన శిక్షణలోని లోపం.

1949లో అమెరికా విద్యావేత్త రాల్ఫ్ టైలర్, షికాగో విశ్వవిద్యాలయంలో తాను చెప్పిన కోర్సు ఆధారంగా ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఏ ప్రణాళిక అయినా నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలన్నాడు. సాధించదలచిన ప్రయోజనాలేవి? వాటికి తోడ్పడే అభ్యసనానుభవాలేవి? వాటిని ఎలా అమర్చాలి? ప్రయోజనం నెరవేరిందని ఎలా నిర్ణయించాలి? వేమన పద్యానికి ఈ ప్రశ్నలు వేసి చూద్దాం. ప్రయోజనం లోకాన్ని పరీక్షగా చూడటమైతే, వల్లెవేయించటం ఒక్కటే అనుభవంగా సరిపోదు. పిల్లవాడు తన చుట్టూ ఉన్నదాన్ని పోల్చి చెప్పాలి. పరీక్షలో పద్యపాదం పూరించమని మాత్రమే అడిగితే, నాలుగో ప్రశ్న మొదటి ప్రశ్నను మింగేసినట్టే. ఆచరణలో మన పాఠశాలల్లో జరుగుతున్నది ఇదే. లక్ష్యం నుంచి పరీక్ష పుట్టటానికి బదులు, పరీక్ష నుంచి లక్ష్యం పుడుతోంది.

అమరిక విషయంలో జెరోమ్ బ్రూనర్ 1960లో చెప్పిన మాట ఉపయోగపడుతుంది. ఒక మౌలిక భావాన్ని ఒకసారి చెప్పి వదలకుండా, వయసు పెరిగేకొద్దీ మరింత లోతుగా దాని దగ్గరకే తిరిగి రావాలన్నాడు. దీన్నే సర్పిల పద్ధతి అంటారు. మూడో తరగతిలో వేమన చెవికింపైన పద్యం. ఏడో తరగతిలో ఒక పోలిక, ఒక వాదన. పదో తరగతిలో కులాన్నీ ఆచారాన్నీ ప్రశ్నించిన మనిషి, ఆ ప్రశ్న పుట్టిన సమాజం. కవి అదే, మెట్టు వేరు. అలా కాక మూడు తరగతుల్లోనూ భావం రాయమనే అడిగితే అది పునరుక్తి అవుతుంది కాని క్రమం కాదు.

ప్రయోజనాలు ఎక్కడినుంచి రావాలి? విద్యార్థి నుంచి, బడి బయటి సమకాలీన జీవితం నుంచి, విషయ నిపుణుల నుంచి అని టైలర్ మూడు ఆధారాలు చెప్పాడు. మనవాళ్లు మూడోదాన్ని పట్టుకుని మొదటి రెండింటినీ వదిలేస్తారు. అయితే టైలర్ కంటే ఎంతో ముందే మొదటి ఆధారాన్ని గుర్తించిన ఉపాధ్యాయుడు మనకున్నాడు. పర్లాకిమిడిలో చరిత్ర బోధించిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించాడు. విద్యార్థి ఎవరు, వాడి నోట ఉన్న భాష ఏది అన్న ప్రశ్నతో ఆయన మొదలుపెట్టాడు. పుస్తకం తరవాత వచ్చింది.

నిపుణులొక్కరే నిర్ణయిస్తే ఏమవుతుందో కూడా మన చరిత్రలోనే ఉంది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ తెలుగు వ్యాసరచన ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ గురజాడ అసమ్మతి పత్రం రాశాడు. దాన్ని మనం వ్యావహారిక భాషోద్యమ పత్రంగా చదువుతాం. పాఠ్యప్రణాళిక మీద విమర్శగా కూడా చదవాలి. విద్యార్థి ఏ తెలుగులో రాస్తే అది తెలుగనిపించుకుంటుంది అన్నదే అక్కడి వివాదం. ఎవరి జ్ఞానం పాఠమవుతుంది అన్న ప్రశ్నను 1979లో మైకేల్ ఆపిల్ తన గ్రంథంలో సిద్ధాంతస్థాయిలో చర్చించాడు. మన దగ్గర అది 65 ఏళ్ల ముందే పరీక్షాపత్రం మీద పోరాటంగా జరిగింది.

టైలర్ పద్ధతికి పరిమితులున్నాయి. ముందే నిర్ణయించి, కొలవగలిగిన లక్ష్యాలే లక్ష్యాలనుకుంటే సాహిత్యానికి ద్రోహం జరుగుతుంది. మంచి కథ చదివిన పిల్లవాడు మనం ఊహించని చోటికి వెళతాడు. అందుకే ఇంగ్లండుకు చెందిన లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో, ఉపాధ్యాయుడే తన తరగతిని పరిశోధించాలని వాదించాడు. ప్రణాళికను అమలు జరిపే గుమాస్తాగా కాక, దాన్ని నిత్యం పరీక్షించే మనిషిగా ఉపాధ్యాయుణ్ణి చూశాడు.

బడి బయటి జీవితంతో చదువును ముడిపెట్టాలని మన 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం కూడా చెప్పింది. ఆ వాక్యం కాగితం మీద ఎంత బాగున్నా, అది నెరవేరేది వెనుక బెంచీ కుర్రవాడు లేచిన ఆ ఒక్క క్షణంలోనే. కాబోయే ఉపాధ్యాయుడు సూత్రాలు నేర్చుకోవలసింది ఆ క్షణాన్ని గుర్తుపట్టటానికి. రచయితలు కూడా తమ రచన పాఠ్యపుస్తకంలో చేరిందా అని అడగటంతో ఆగకుండా, దానికింద ఏ ప్రశ్నలిచ్చారో చూడాలి. ఆ ప్రశ్నల్లో రెండు కాటాల సంగతి చెప్పటానికి చోటు లేకపోతే, వేమన పుస్తకంలో ఉన్నా లేనట్టే.