నీటి మీద వారం రోజుల క్వార్టర్

ఇంగ్లీషు నిఘంటువులో 'కాటమరాన్' అనే మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. అది మన తీరం నుంచి వెళ్లిన మాట. తమిళంలో 'కట్టు' అంటే కట్టడం, 'మరం' అంటే చెట్టు, కొయ్య. దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్లతో కడితే కట్టుమరం. తెలుగులో మనం దాన్నే తెప్ప అంటాం. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాల్లో మన జాలరులు తరతరాలుగా తెప్పల మీదే సముద్రంలోకి వెళ్లారు. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకి వస్తాయి, మళ్లీ కిందికి పోతాయి. మనిషి తడుస్తాడు గానీ తెప్ప మునగదు. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు కోరమాండల్ తీరంలో వీటిని చూసి, 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు.

తరువాత ఈ పేరు వేరే పడవకు బదిలీ అయింది. రెండు సన్నని పడవల్ని కొంత ఎడంగా నిలిపి, పైన ఒక వేదికతో కలిపే పద్ధతి మనది కాదు, పసిఫిక్ ద్వీపవాసులది. 1876లో అమెరికాలో నథానియల్ హెర్రెషాఫ్ అలాంటి పడవను 'అమరిలిస్' అనే పేరుతో కట్టి న్యూయార్క్ పందెంలో దించాడు. అది మిగతా పడవలన్నిటినీ దాటిపోయింది. ఓడినవాళ్లు ఇది అసలు పడవే కాదని గొడవచేసి దాన్ని పందెం నుంచి తప్పించారు! పసిఫిక్ వాళ్ల పడవకు మన తీరపు పేరు ఇంగ్లీషులో స్థిరపడిపోయింది.

ఇప్పుడు ఆ పేరున్న పెద్ద తెరచాప పడవలు గ్రీసు, క్రొయేషియా, ఇటలీ, స్పెయిన్ రేవుల్లో వందల కొద్దీ వరుసగా నిలబడి ఉంటాయి. అన్నీ వారం లెక్కన అద్దెకిచ్చేవే. ఇలా పడవ మొత్తాన్ని అద్దెకు తీసుకోవడాన్ని చార్టర్ అంటారు. ఓడలో టికెట్ కొనుక్కోవడం వేరు, చార్టర్ వేరు. టికెట్ కొన్నవాడు ప్రయాణికుడు. చార్టర్ చేసినవాడు ఆ వారం పాటు పడవకూ, అందులోని మనుషులకూ బాధ్యుడు.

దీన్ని అర్థం చేసుకోవడం మనకు చాలా సులభం. బదిలీ మీద కొత్త ఊరు వెళ్లగానే నాన్నగారో అమ్మగారో క్వార్టర్ స్వాధీనం చేసుకోవడం మనం చూస్తూనే ఉంటాం. ఫ్యాన్లు ఎన్ని, బల్బులు ఎన్ని, కుళాయి కారుతోందా, కిటికీ అద్దం పగిలి ఉందా అని జాబితా చూసి సంతకం పెడతారు. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ అదే జాబితా. ఫౌజీ పిల్లలకైతే 'మార్చ్ ఇన్', 'మార్చ్ అవుట్' అనే మాటలు నోటికి వచ్చు. పడవ దగ్గరా అంతే. లంగరు, గొలుసు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండర్లు, ప్రమాదంలో వెలిగించే ఫ్లేర్లు, ఒడ్డుకు వెళ్లడానికి చిన్న రబ్బరు డింగీ, చివరికి చెంచాలూ గిన్నెలూ సహా ఒక్కొక్కటీ చూసుకుని సంతకం పెట్టాలి. ముందే కొన్ని వేల యూరోలు డిపాజిట్ కట్టాలి. ఏదైనా విరిగితే అందులోంచి కోస్తారు. గీత పడి ఉంటే స్వాధీనం చేసుకునేటప్పుడే ఫోటో తీసుకోవడం తెలివైన పని.

ఇక పడవ సంగతి. 42 అడుగుల కాటమరాన్ అంటే సుమారు 13 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. రెండు పక్కల హల్‌లలో నాలుగు పడకగదులు, ఒక్కోదానికి స్నానాలగది. మధ్యలో వంటగది, హాలు. ముందు వైపు రెండు హల్‌ల మధ్య బిగించిన వల ఉంటుంది. దాని మీద పడుకుంటే కింద నీలం నీళ్లు పరుగెడుతుంటాయి. ఎనిమిది మంది హాయిగా ఉండొచ్చు. మంచినీటి ట్యాంకులో మాత్రం ఆరేడు వందల లీటర్లే ఉంటాయి. ఎనిమిది మంది తలస్నానాలు మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో అడుగంటుతుంది. రోజుకు ఒకసారే నీళ్లొచ్చే కాలనీలో పెరిగినవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదనుకుంటాను.

ఒక హల్ ఉన్న మామూలు తెరచాప పడవకూ దీనికీ ఉన్న తేడా భౌతికశాస్త్రంలో ఉంది. ఒంటి పడవ అడుగున కీల్ అనే బరువైన లోహపు దిమ్మ ఉంటుంది. గాలి తోసినప్పుడు పడవ పక్కకు వాలుతుంది, దిమ్మ బరువు మళ్లీ లేపుతుంది. కాటమరాన్‌కు ఆ దిమ్మ లేదు. దాని నిలకడంతా వెడల్పులోనే ఉంది. అందువల్ల అది దాదాపు వాలదు. బల్ల మీద టీ కప్పు కదలదు. కీల్ లోతుగా లేదు కాబట్టి మీటరున్నర కన్నా తక్కువ లోతులో కూడా తేలుతుంది, తీరానికి బాగా దగ్గరగా వెళ్లొచ్చు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు దీన్నే కోరుకోవడానికి ఇవే కారణాలు.

కానీ ఆ సుఖంలోనే చిక్కు కూడా ఉంది. ఒంటి పడవ గాలి ఎక్కువైతే వాలి మనకు చెబుతుంది. కాటమరాన్ చెప్పదు. టీ కప్పు అలాగే ఉంటుంది, తెరచాప మీద భారం పెరిగిపోతుంటుంది. ఒకవేళ పూర్తిగా తిరగబడితే తనంతట తాను లేవదు. అద్దె పడవలు ఇలా తిరగబడటం చాలా అరుదు. ఎందుకు అరుదంటే, గాలి ఎన్ని నాట్లు దాటితే తెరచాపను ఎంత కుదించాలో పట్టిక రాసి ఇస్తారు. ఇలా కుదించడాన్ని రీఫ్ చేయడం అంటారు. ఇందులో మన ఒంటికి తోచినదాన్ని కాక, గాలి మీటరు చూపే అంకెను నమ్మాలి.

పదకొండో తరగతి వాళ్లు సాపేక్ష వేగం లెక్క ఇక్కడ వేసుకోవచ్చు. వెనుక నుంచి 20 నాట్ల గాలి వీస్తోంది, పడవ 8 నాట్ల వేగంతో ముందుకు పోతోంది. పడవలో ఉన్నవాళ్లకు తగిలే గాలి 12 నాట్లే. ఎండ, చల్లగాలి, అందరికీ ఆనందం. ఇప్పుడు ఏదో కారణానికి పడవను వెనక్కి తిప్పి, 5 నాట్ల వేగంతో గాలికి ఎదురు వెళ్లాల్సి వచ్చింది. తగిలే గాలి ఒక్కసారిగా 25 నాట్లు. గాలి తోపుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 12 వర్గం 144, 25 వర్గం 625. అంటే నిమిషం క్రితం ఉన్న తోపుడుకు నాలుగు రెట్లకు పైగా. గాలి మాత్రం ఏమీ మారలేదు!

అందుకే ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు ద్వీపాల అందం చూసి కాదు, గాలి చూసి చెప్పాలి. గ్రీసుకు తూర్పున ఏజియన్ సముద్రంలో సిక్లాడీస్ ద్వీపాలున్నాయి. తెల్లని ఇళ్ల సాంతోరిని, మైకొనోస్ ఫోటోలు అందరూ చూసినవే. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ ఉత్తరం నుంచి 'మెల్టెమి' అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంటుంది. బోఫర్ట్ స్కేలులో 6, 7 రావడం అక్కడ మామూలే. 7 అంటే 28 నుంచి 33 నాట్లు. మొదటిసారి వెళ్లే కుటుంబానికి అది తగిన చోటు కాదని నా అభిప్రాయం, ఫోటోలు ఎంత బాగున్నా సరే.

గ్రీసుకు పడమర ఉన్న అయోనియన్ సముద్రం అంతకంటే నెమ్మది. లెఫ్‌కాదా, మెగానీసి, ఇథాకా, కెఫలోనియా ద్వీపాలు ఒకదానికొకటి కనిపించేంత దగ్గరగా ఉంటాయి. వేసవిలో ఉదయం గాలి దాదాపు ఉండదు. మధ్యాహ్నం వాయవ్యం నుంచి లేచి, పొద్దుగూకే వేళకు తగ్గిపోతుంది. పోటుపాట్ల తేడా మధ్యధరా సముద్రంలో చాలా తక్కువ కాబట్టి, రాత్రి కట్టిన పడవ తెల్లారేసరికి బురదలో కూర్చుంటుందన్న భయం లేదు. రోజుకు 10 నుంచి 20 నాటికల్ మైళ్లు వెళ్తే చాలు. పడవ వేగం 6 నాట్లు అనుకుంటే, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు, సైకిలంత వేగంతో రెండు మూడు గంటల ప్రయాణం. మిగతా సమయం ఈతకు, తిండికి, ఊరు చూడటానికి. కెఫలోనియా ఉత్తర కొసన ఫిస్కార్దో అనే చిన్న రేవు ఉంది. 1953 భూకంపంలో ఆ ద్వీపంలో చాలా ఊళ్లు నేలమట్టమైనా అది నిలిచింది. పాత ఇళ్లు ఇప్పటికీ నీటి అంచునే ఉన్నాయి.

ఇథాకా అంటే హోమర్ కావ్యంలో ఒడిస్యూస్ సొంత ఊరు. ట్రాయ్ యుద్ధం ముగిశాక ఇల్లు చేరడానికి అతనికి పదేళ్లు పట్టింది. ఒకసారి ఇథాకా తీరం కనిపించేంత దగ్గరికి వచ్చారట. అప్పుడు అతను నిద్రపోతుండగా, తోటివాళ్లు సంచిలో ధనం ఉందనుకుని గాలుల్ని బంధించిన సంచి మూతి విప్పారు. అంతే, అందరూ మళ్లీ మొదటికి.

నేటి యాత్రికులకు అదే చోట చిన్న రూపంలో అదే ఇబ్బంది. పడవ లెఫ్‌కాదా రేవులో తీసుకుంటారు. ఇథాకా, కెఫలోనియా అక్కడికి దక్షిణంగా ఉన్నాయి. వెళ్లేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంది, సాఫీగా పోతారు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు, అటూ ఇటూ వంకరలు తిరుగుతూ పోవాలి. కాటమరాన్‌కు లోతైన కీల్ లేదు కాబట్టి పక్కకు ఎక్కువ జారిపోతుంది, దారి ఇంకా పెరుగుతుంది. తెలిసినవాళ్లు తిరుగు ప్రయాణానికి తెల్లవారుజామున, గాలి లేవకముందే లంగరు ఎత్తి, ఇంజన్ల మీద సగం దూరం దాటేస్తారు. శనివారం విమానం టికెట్ చేతిలో ఉంది కదా అని, చెడ్డ గాలి సూచన ఉన్నా శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరడమే అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. సూచన బాగాలేకపోతే గురువారమే వెనక్కి రావాలి. ఒక ద్వీపం చూడకుండా మిగిలిపోతుంది, పిల్లల ముఖాలు ముడుచుకుంటాయి. మిగలనివ్వాలి.

ఈ నిర్ణయం ఎవరు తీసుకోవాలి? స్కిప్పర్. గోదావరి లాంచీ మీద సరంగు ఎలాంటివాడో పడవ మీద స్కిప్పర్ అలాంటివాడు. అద్దె డబ్బు ఎవరు కట్టినా, ప్రయాణం విషయంలో అతని మాటే చెల్లుతుంది. స్కిప్పర్ లేకుండా పడవ ఒక్కటే తీసుకోవాలంటే గ్రీసులో నడపడానికి అర్హతపత్రం ఉన్నవారు ఒకరు, పడవ పని తెలిసిన రెండోవారు ఒకరు ఉండాలి. మన కుటుంబాల్లో నౌకాదళం వాళ్లు తప్ప మిగతావాళ్లకు అది కుదరదు. అప్పుడు స్కిప్పర్‌ను రోజు కూలికి పెట్టుకోవాలి. అతనికి భోజనం మనదే, పడుకోవడానికి చోటూ మనదే. నాలుగు గదుల పడవలో ఎనిమిది మంది సర్దుకున్నాక ఈ సంగతి గుర్తుకొస్తే ఇబ్బంది.

స్కిప్పర్ ఉన్నా అందరికీ పని ఉంటుంది. గ్రీకు రేవుల్లో పడవను పక్కగా కట్టరు. కొంత దూరంలో లంగరు జారవిడిచి, వెనక్కి నడుపుకుంటూ వచ్చి, వెనుక వైపు నుంచి రెండు తాళ్లు గట్టుకు కడతారు. కాటమరాన్‌కు రెండు హల్‌లలో రెండు ఇంజన్లు ఉంటాయి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిప్పితే పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. తాళ్లు విసిరేది, పక్క పడవ తగలకుండా గాలి నింపిన ఫెండర్లు అడ్డుపెట్టేది మనమే. చెయ్యి అడ్డం పెట్టకూడదు. పడవ బరువు టన్నుల్లో ఉంటుంది, చెయ్యి ఎముకే. పిల్లల కొలత లైఫ్ జాకెట్లు కావాలని పడవ మాట్లాడుకునే రోజే చెప్పాలి. అలలు లేచినప్పుడు ముందున్న వల మీద ఎవరూ కూర్చోకూడదు.

వారం అంటే ఏడు రోజులు అనుకుంటాం గానీ, పడవ చేతికొచ్చేది శనివారం సాయంత్రం 5 గంటల ప్రాంతంలో. ఆ రాత్రి రేవులోనే. తిరిగి శుక్రవారం సాయంత్రానికే డీజిల్ నింపి రేవు చేరాలి, శనివారం ఉదయం ఖాళీ చేయాలి. నిజంగా తిరిగేది ఆరు రోజులే. శుక్రవారం ఈతగాడు ఒకడు నీళ్లలోకి దిగి పడవ అడుగు చూస్తాడు. ఇంకొకరు జాబితా పట్టుకుని గిన్నెలు లెక్కపెడతారు. అన్నీ సరిపోతే డిపాజిట్ వెనక్కి. శనివారం మధ్యాహ్నం దుప్పట్లు మారతాయి, ట్యాంకు నిండుతుంది, సాయంత్రానికి గట్టు మీద మరో కుటుంబం ఎదురుచూస్తుంటుంది. వాళ్ల చేతుల్లో సూట్‌కేసులుంటే మొదటిసారి వచ్చినవాళ్లని అర్థం. పడవలో గట్టి పెట్టెలు పెట్టడానికి చోటుండదు. మడిచి మంచం కింద తోసేయగల గుడ్డసంచులే తీసుకెళ్లాలి.