మీకు తెలుసా? ‘జీవితకాలపు’ గేర్ ఆయిల్‌కూ గడువుంది

బీఎండబ్ల్యూ ఎక్స్5, రేంజ్ రోవర్ వంటి ఎస్‌యూవీల్లో చాలావాటికి జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ రూపొందించిన 8హెచ్‌పీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. దాని ఆయిల్‌ను బండి ఉన్నంతకాలం మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. జెడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చాలంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారు నమ్మదగినది ఈ రెండో మాటే. పాత సర్వీసు రికార్డుల్లో దాఖలా కనిపించకపోతే ఆయిల్ అసలు మార్చలేదనే అనుకోవాలి.

గేర్లు అరగకుండా చూడటంతోనే ఈ ఆయిల్ పని తీరదు. తన ఒత్తిడితో క్లచ్‌లను పట్టించేదీ, వేడిని మోసుకుపోయేదీ అదే. క్లచ్ పలకలు అరిగిన పొడి కూడా అందులోనే చేరుతుంది. చాలా మోడళ్లలో ఫిల్టర్ అడుగునున్న ప్లాస్టిక్ పాన్‌లోనే ఇమిడి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాల్సిందే. మట్టం చూడటానికి డిప్‌స్టిక్ ఉండదు. బండిని సమతలంగా నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 30–50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు నింపే రంధ్రం అంచు నుంచి కారేదాకా పోయాలి. పాత ఆయిల్ దించకముందే ఆ రంధ్రం బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవడం చాలా ముఖ్యం. అది బిగుసుకుపోయి ఉంటే ఖాళీ అయిన గేర్‌బాక్స్‌తో బండి కదలదు.