మనోవ్యథకు మాటయే మందు: సత్త్వావజయము, నేటి కౌన్సెలింగు

"నాడి పట్టుకొనుటకు ముందు రోగి ఇంటి సంగతి అడుగుము" అని మా గురువుగారు తరచు చెప్పుచుండెడివారు. వాడపల్లి సమీపమున కృష్ణాతీరమందు వారి ఇంట నుండి వైద్యము నేర్చిన రోజులలో ఆ మాటను నేను మర్యాదకు సంబంధించినదిగా తలచితిని. అది చికిత్సలో భాగమని గ్రహించుటకు నాకు నలుబది సంవత్సరముల అనుభవమును, ఒక పొరపాటును కావలసి వచ్చినవి. ఆ పొరపాటునే ముందుగా పాఠకులకు విన్నవించెదను. సంబంధించిన వారి అనుమతితోనే వ్రాయుచున్నాను. గుర్తు తెలియకుండుటకు కొన్ని వివరములు మార్చితిని.

కొంతకాలము క్రిందట మహబూబ్ నగర్ వైపు నుండి ఒక గృహిణి, వయస్సు 43, భర్తతో కలసి దేవరకొండ మీదుగా నల్లగొండకు, మా వైద్యశాలకు వచ్చినది. సంవత్సరకాలముగా నిద్ర లేదు. కడుపులో మంట, గుండెదడ, తలతిరుగుట. పరీక్షలన్నియు సరిగానే ఉన్నవి. వాతపిత్తముల ప్రకోపమని నిర్ణయించి చూర్ణము, తైలము, పథ్యము చెప్పితిని. మంట తగ్గినది. నిద్ర మాత్రము రాలేదు.

నాలుగవసారి వచ్చినపుడు భర్త మందుల పొట్లము కొరకు బయటకు వెళ్ళగా, ఆమె మెల్లగా చెప్పినది: "సారూ, మా తమ్ముడు బోరు వేయించి అప్పుల పాలయిండు. పైసలు అడిగితే లేవన్న. పది దినాలకు పాణం తీసుకున్నడు. ఇంట్ల వాని పేరు ఎవ్వరు ఎత్తరు." నేనేమి చేసితిని? "జరిగినది మరచిపో తల్లీ, దైవనిర్ణయము" అని చెప్పి, నిద్రకు మరియొక మందు వ్రాసి పంపితిని. తరువాత ఆమె రాలేదు.

మూడు మాసములకు భర్త ఒక్కడే వచ్చెను. "బతికి ఏం లాభం అంటున్నది సార్. ఇంట్ల ఏం తక్కువ జేసినం?" అని కన్నీరు పెట్టుకొనెను. ఆనాడు నాకు నా తప్పు తెలిసినది. ఆమె అడిగినది మరచిపోవుటకు మందు కాదు. చెప్పుకొనుటకు ఒక చోటు. మరునాడే వారిని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని మానసిక వైద్యుని వద్దకు పంపితిని. వారు మందులు ప్రారంభించి, హైదరాబాదులో ఒక కౌన్సెలరు వద్దకు వెళ్ళుమని సూచించిరి.

సత్త్వావజయము అనగానేమి?

చరక సంహిత సూత్రస్థానము పదకొండవ అధ్యాయమున చికిత్స మూడు విధములని చెప్పబడినది. పూజాజపాదులు దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములు యుక్తివ్యపాశ్రయము. అహితమైన విషయముల నుండి మనస్సును మరల్చి నిగ్రహించుట సత్త్వావజయము. మనోదోషములైన రజస్తమస్సులకు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి అను అయిదింటిని మందులుగా చెప్పినారు. ఇందు స్మృతి కలదు గాని, మరపు లేదని గమనింపుడు. "మరచిపో" అని నేను చెప్పినది శాస్త్రమునకును విరుద్ధమే.

అయితే నేటి మానసిక చికిత్స అంతయు మన గ్రంథములలోనే ఉన్నదనుట సరికాదు. మూలసూత్రము మనకు కలదు. వారము వారము కూర్చుండి చేయు పద్ధతి నేటి కాలపు శ్రమఫలము.

కౌన్సెలింగులో జరుగునదేమి?

సాధారణముగా వారమునకొకసారి, ముప్పావు గంట నుండి గంట వరకు, ఏకాంతమున సంభాషణ జరుగును. పద్ధతులు పలు రకములు. అమెరికాలో ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతి, మనిషిని కుంగదీయు ఆలోచన నిజమా కాదా అని పరీక్షింపజేయును. కార్ల్ రోజర్స్ చూపిన మార్గమున తీర్పు చెప్పక, షరతులు లేని ఆదరముతో వినుటయే ప్రధానము. మరికొన్ని బాల్యానుభవముల మూలములను వెదకును. శ్వాసను, శరీరమును ఆధారము చేసుకొనునవియు కలవు. వీనిలో రోగికి తగినవి ఎంచి కలిపి వాడుటను సమన్వయ మానసిక చికిత్స అందురు. దేశము, కాలము, బలము, సాత్మ్యము చూచి వైద్యుడు యోగము కూర్చినట్లే ఇదియును.

భారతీయ మానసిక వైద్యుడు జస్వంత్ సింగ్ నేకి 1973లో గురుశిష్య సంబంధమును మానసిక చికిత్సకు ఒక నమూనాగా వివరించినాడు. మన ప్రజలు సలహా చెప్పు పెద్దను కోరుదురని ఆయన గుర్తించినాడు. నా అనుభవమును అదియే. కాని గురువు ఆజ్ఞాపించవచ్చును. మంచి కౌన్సెలరు ఆజ్ఞాపించడు. రోగి తన దారి తాను కనుగొనువరకు వెంట నడచును.

పై గృహిణి విషయమున అదియే జరిగినది. తమ్ముని మరచిపొమ్మని ఆ కౌన్సెలరు చెప్పలేదు. అతని గురించి చెప్పుమని అడిగినారు. చెప్పదలచి చెప్పలేకపోయిన మాటలను పలికించినారు. రెండు పర్యాయములు భర్తను కూడ పిలిచినారు. పదునాలుగు వారములు గడచిన పిదప ఆమె తానుగా మరదలి ఇంటికి వెళ్ళి ఒక రోజుండి వచ్చినది. నిద్ర పూర్తిగా కుదురుటకు మరికొన్ని నెలలు పట్టినది. మానసిక వైద్యుని మందులును కొనసాగినవి. నా వంతు అభ్యంగము, ఆహారనియమము మాత్రమే.

అందరికిని తలుపు తెరచి ఉండవలెను

కులము, మతము, వైకల్యము, లైంగికత చూచి చిన్నచూపు చూచువాని వద్ద ఎవరును మనసు విప్పరు. ఫ్లోరోసిస్ వలన ఎముకలు వంగిన మునుగోడు, మర్రిగూడ ప్రాంతపు వారు నొప్పికి మందడుగుదురు. పెండ్లి కాని బాధను, నలుగురిలో నిలువలేని సిగ్గును ఎవరికిని చెప్పరు. వలసపోయిన పాలమూరు కూలీల ఇండ్లలో మిగిలిన వృద్ధుల ఒంటరితనమును అటువంటిదే. బిడ్డలు అమెరికాలో నున్న మన మధ్యతరగతి తల్లిదండ్రుల ఒంటరితనము దానికి దూరము కాదు.

ఒక తండ్రి 27 ఏండ్ల కుమారుని తెచ్చి, "పెండ్లి వద్దంటున్నడు, బలానికి మందియ్యండి" అనెను. తండ్రిని బయట కూర్చుండబెట్టి, ఈసారి ముందు వినుటయే చేసితిని. స్త్రీలయందు తనకు ఆకర్షణ లేదని ఆ యువకుడు చెప్పెను. ఇది రోగము కాదు గనుక దీనికి మందు లేదని, అతని అనుమతితోనే, తండ్రికి వివరించితిని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను రోగముల జాబితా నుండి తొలగించినది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అది నేరము కాదని తీర్పు చెప్పినది. దానిని "మార్చెదము" అను చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించినది. కౌన్సెలింగు అవసరమైనది అతని ఆకర్షణకు కాదు, అతని భయమునకు, తండ్రి దుఃఖమునకు.

ఎవరి వద్దకు వెళ్ళవలెను?

2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో పెద్దలలో 10.6 శాతము మందికి మానసిక రుగ్మతలున్నట్లు తేలినది. మన రాష్ట్రము ఆ పన్నెండింటిలో లేదు. పలు రుగ్మతలలో నూటికి డెబ్బది మందికి మించి చికిత్స అందుట లేదని కూడ ఆ సర్వే తెలిపినది. కావున ఈ క్రింది విషయములు గుర్తుంచుకొనవలెను.

1. క్లినికల్ సైకాలజిస్టునకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండవలెను. "కౌన్సెలరు" అని బోర్డు కట్టిన వారందరు శిక్షణ పొందినవారు కారు. చదువు, అనుభవము, రుసుము ముందే అడుగుట తప్పు కాదు.
2. రోగి విషయములను గోప్యముగా నుంచవలెనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భములలో మినహాయింపు కలదు.
3. మూడు రోజులలో నయము చేసెదననువానిని నమ్మవద్దు.
4. లేని మాటలు వినబడుట, అతిగా అనుమానము, ఆహారము మానుట వంటి లక్షణములున్నచో ముందు మానసిక వైద్యుని చూపవలెను.
5. "బతికి ఏం లాభం" అను మాటను తేలికగా తీసుకొనరాదు. నేరుగా, నెమ్మదిగా అడుగుడు. అడిగినందువలన ఆ ఆలోచన కలుగదు. వారిని ఒంటరిగా విడువక, పురుగుమందులు ఇంట నుండకుండ చూడుడు. 14416 నంబరున టెలి మానస్ సేవ పగలు రాత్రి ఉచితముగా తెలుగులో లభించును.

ఇంటి వద్ద చేయదగినవి

రాత్రి పడుకొనుటకు ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళు మర్దన చేయవలెను. సాయంత్రము తరువాత టీ, కాఫీలు మానవలెను. భోజనము, నిద్ర నియత వేళలకే జరుగవలెను. రోజుకొక పావుగంట ఇంటివారు టీవీ, ఫోను కట్టివేసి ఒకరి మాట ఒకరు వినవలెను.

అశ్వగంధను సొంతముగా వాడవద్దు. గర్భిణులు, థైరాయిడు లేక నిద్రమాత్రలు వాడువారు, కాలేయవ్యాధి కలవారు మరింత జాగ్రత్త పడవలెను. నిద్ర కొరకు సర్పగంధ మాత్రలు కొనువారు కలరు. అది రక్తపోటును తగ్గించును, కొందరిలో కుంగుబాటును పెంచును. మానసిక వైద్యుడిచ్చిన మందులను చెప్పకుండ ఆపరాదు.

ఇప్పుడు నా బల్ల ప్రక్కన కుర్చీలు రెండున్నవి. రోగితో వచ్చినవారిని కొంతసేపు బయట కూర్చుండుమని కోరి, రెండవ కుర్చీని దగ్గరకు జరుపుకొని, "ఇంటి సంగతి చెప్పమ్మా" అని అడుగుచున్నాను. నాడి ఆ తరువాత.