నక్షత్రముపై గ్రహ ప్రభావము

బందరు తీరమున సముద్రమునకు దినమునకు రెండుమారులు పోటు వచ్చుట కృష్ణా మండలమువారికి తెలిసినదే. చంద్రుని ఆకర్షణవలన నీరు చంద్రునివైపున ఒకచోట, దానికి ఎదుటివైపున మరియొకచోట ఉబ్బును. కాన పోటులు రెండు. ఈ చిన్న లెక్క దూరపు నక్షత్రముల గుట్టు తెలిసికొనుటకును ఉపకరించినది.

సూర్యునిపై కనబడు మచ్చలు బలమైన అయస్కాంత క్షేత్రములు గల తావులని 1908 లో హేల్ కనుగొనెను. అట్టి తావులకు పైనున్న వాయుపొర వేడెక్కి, అందలి కాల్షియము ఊదారంగు కాంతిని హెచ్చుగా వెలువరించును. ఇతర నక్షత్రముల మచ్చలు మన కంటికి కానరావు. కాని ఈ కాంతి హెచ్చుతగ్గులను బట్టి వాని అయస్కాంత చర్యను గ్రహింపవచ్చును. ఈ పరిశోధనతో మన హైదరాబాదునకు సంబంధము గలదు. తండ్రి పనిచేసిన నిజామియా వేధశాలలో ఖగోళమునందు అభిరుచి పెంచుకొనిన వైను బప్పు, ఓలిన్ విల్సనుతో కలిసి, కాల్షియము రేఖ వెడల్పును బట్టి నక్షత్రపు నిజకాంతిని నిర్ణయింపవచ్చునని 1957 లో తెలిపెను. 1966 నుండి విల్సను అనేక నక్షత్రముల కాల్షియము కాంతిని ఏండ్లతరబడి కొలిచి, సూర్యునికివలెనే వానికిని చర్యాచక్రములు గలవని చూపెను.

1995 లో, తన సూర్యుని నాలుగు దినములలో చుట్టివచ్చు ఒక పెద్ద గ్రహము కనుగొనబడెను. ఇంత దగ్గర తిరుగు గ్రహము నక్షత్రమును కలవరపెట్టదా? పెట్టినచో, అది ఆకర్షణవలననా, అయస్కాంతత్వమువలననా? ఆకర్షణయే కారణమైనచో, బందరు పోటువలె, గ్రహము ఒక చుట్టు తిరుగులోపల కాంతి రెండుమారులు హెచ్చవలెను. అయస్కాంత బలరేఖల తాకిడియే కారణమైనచో ఒక్కమారే హెచ్చవలెను.

ఆషాఢ రాత్రులలో గుణదలనుండి దక్షిణాకాశమున కనబడు ధనూరాశిలో, సుమారు 90 కాంతి సంవత్సరముల దూరమున, హెచ్.డి. 179949 అను నక్షత్రము గలదు. దాని గ్రహము 3.09 దినములలో ఒక చుట్టు తిరుగును. 2001, 2002 సంవత్సరములలో ష్కోల్నిక్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును హవాయి దూరదర్శినితో పరిశీలింపగా, కాల్షియము కాంతి ఒక్కొక్క చుట్టునకు ఒక్కమారే హెచ్చుచుండెను. అనగా తీర్పు అయస్కాంతత్వమువైపే మొగ్గినది.

అయితే 2003, 2006 సంవత్సరములలో కాంతి గ్రహమును అనుసరింపక, నక్షత్రపు స్వభ్రమణమును అనుసరించి ఏడు దినములకొకమారు మారెను. నక్షత్రపు అయస్కాంత క్షేత్రమే మారుచుండుటవలన ఈ బంధము ఒకప్పుడు కుదిరి, ఒకప్పుడు వీడుననవచ్చును. కాన ఒక్క ఋతువు పరిశీలనతో తీర్పు చెప్పరాదు. ఓపికతో కొలిచినచో, అంత దూరపు గ్రహమునకు సొంత అయస్కాంత క్షేత్రము గలదో లేదో నక్షత్రపు కాంతియే మనకు తెలుపగలదు.