శిల్పవిద్యకు చవుక బేరము తగునా?

నల్లరేగడి నేల వానకు ఉబ్బును; ఎండకు కుంచించి బీటలు వాఱును. ఇది మన రైతు లెల్లరు నెఱిగినదే. అట్టి నేలపై పునాది తగినట్లు వేయనిచో నెంత మంచి సున్నము పూసినను గోడలు పగులక మానవు. ఆ పునాది నిర్ణయించువారు నమూనా గీయు శిల్పియు, లెక్క గట్టు ఇంజనీరును. ప్రభుత్వ కట్టడములకు వీరి నెట్లు ఎన్నుకొనుచున్నారో పన్ను చెల్లించు ప్రజలు విచారింపవలసి యున్నది.

2017 సంవత్సరపు కేంద్రప్రభుత్వ సామాన్య ఆర్థిక నియమావళిలో ముఖ్యముగా రెండు మార్గములు కలవు. 192వ నియమము ప్రకారము యోగ్యతకును వెలకును గూడ మార్కులు వేయుదురు. యోగ్యతకు నూటికి 80 వఱకు నీయవచ్చును. 193వ నియమము ప్రకారము కనీసయోగ్యత గలవారిలో నెవరు తక్కువ వెల కోరుదురో వారికే పని దక్కును. చిక్కులేని కట్టడముల నమూనాలకు నీ రెండవ పద్ధతి తగునని యా నియమమే చెప్పుచున్నది.

చిన్న సంస్థలకు అందుబాటులో నుండు పనులు సాధారణముగా నిట్టివే. అచ్చట వారి నేర్పు కనీసపు మెట్టు దాటినంతనే మఱి లెక్కకు రాదు. పోనీ పెద్దపనులకు బోవుదమన్న, వెనుకటి పనుల పట్టికయు సాలుసరి రాబడియు నడ్డుగోడలై నిలుచును.

ప్రభుత్వము వీరి కేమియు జేయలేదని మే మనుట లేదు. 2012లో సూక్ష్మ, చిన్న సంస్థల కొఱకు కొనుగోలు విధానము నేర్పఱచిరి. కేంద్రశాఖల కొనుగోళ్లలో వారి వాటాను 2018లో నూటికి 25కు బెంచిరి. టెండరు ధరావతు మినహాయించిరి. కనిష్ఠవెల పెద్దసంస్థదైనచో, దానిపై నూటికి 15 లోపల గోరిన చిన్నసంస్థ యా వెలకు దిగివచ్చుట కవకాశ మొసంగిరి. కాని యీ చివరి మేలు సైతము చవుకవెలకు దిగినవారికే గదా!

అమెరికాలో 1972 నాటి బ్రూక్సు శాసనము వేఱు త్రోవ ద్రొక్కినది. అచ్చటి కేంద్రప్రభుత్వము శిల్పుల, ఇంజనీర్ల యోగ్యతను ముందుగా దూచి వరుస గట్టును. ప్రథముడైనవానితోనే ప్రతిఫలము మాటలాడును. బేరము కుదరనిచో రెండవవానిని బిలుచును. నమూనా ప్రతిఫలము కట్టడపు వ్యయములో నూటికి 6 మించరాదను కట్టుబాటును గలదు. మనదేశమున నదే 1972లో ఆర్కిటెక్టుల శాసనము వచ్చినది. యోగ్యతలేనివాడు ఆ బిరుదము ధరింపరాదని శాసించిన మనము, ఆ విద్యను గొనునప్పుడు మాత్రము తక్కెడ పట్టుచున్నాము.

యోగ్యతపేర పక్షపాతము ప్రబలునని కొంద ఱందురు. ఆ భయము నిరాధారము గాదు. దానికి మందు మార్కులను, వాని కారణములను బహిరంగముగా బ్రకటించుటయే కాని, విద్యను వేలమునకు బెట్టుట గాదు. కోటి రూపాయల కట్టడమున నమూనాపై లక్ష మిగిల్చి, పిమ్మట పగిలిన గోడలకు బదిలక్షలు పోయుట పొదుపా?

కావున చిన్నపనులకు ప్రతిఫలమును ముందే నిర్ణయించి నేర్పునందే పోటీ పెట్టవలెనని మా యభిప్రాయము. చిన్న సంస్థలును ఊరకుండరాదు. శిల్పియు, ఇంజనీరును, నేల పరీక్షించువాడును ఏకమై టెండరు వేసినచో నొక్కొక్కని కొఱత మఱియొకనిచే దీఱును. చేసిన పనికి 45 దినములలో సొమ్ము చెల్లింపనిచో వడ్డీ కోరు హక్కు 2006 నాటి శాసనమే వారి కిచ్చినది, దానిని వాడుకొనవలెను. ప్రజలును తమ యూర కట్టడము లేచుచుండగా "ఎంతకు?" అని మాత్రమే గాక "ఎవరు గీసిరి? ఏల వారినే యెన్నుకొనిరి?" అని యడుగుట నేర్వవలెను.