చేతి నేర్పుకు కూలి ఎంత?

పట్టుపురుగులు మేపే ఇల్లు మన చిక్కబళ్లాపురం జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. ఒక పంట చేతికి రావడానికి ఇంచుమించు నాలుగు వారాలు. ఈలోగా పురుగుకు నాలుగు జ్వరాలు వస్తాయి. జ్వరంలో మేత ఆపాలి, లేచాక సమయం చూసి మళ్లీ వేయాలి. చివరి దశలో పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా తినేస్తుంది. అప్పుడు రాత్రి కూడా లేచి ఆకు వేయాల్సిందే. ఒంటి మెరుపు చూసి పురుగు పండిందని గుర్తుపట్టాలి, చంద్రికలకు ఎక్కించాలి. ఒక్కరోజు అటూ ఇటూ అయితే గూడు నాణ్యత పోతుంది.

ఈ పనిలో పెద్ద భాగం ఇంట్లో ఆడవాళ్లది. గూళ్లు మూట కట్టుకుని శిడ్లఘట్ట మార్కెట్‌కు వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు. లెక్క తేలేది అక్కడ. ఆమె ఏం చేస్తుందని అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పే జవాబు: "ఇంటి పని చూసుకుంటుంది, పురుగుల దగ్గర కొంచెం సాయం చేస్తుంది."

నాలుగు వారాల నిద్ర లేని పని ఈ "సాయం" అన్న ఒక్క మాటలో కరిగిపోతోంది. పిల్లలు అది విని పెరుగుతారు.

డబ్బు వచ్చే చోట మనిషి మారతాడు

ఇంట్లో వంట ఆడవాళ్ల పని అంటాం. పెళ్లి వంటకు పిలిచే వంటమాస్టరు మగవాడు, హోటల్లో దోసె పోసేదీ మగవాడే. ఇంట్లో చిరిగిన బట్ట కుట్టేది అమ్మ, బజారులో టైలర్ షాపు బోర్డు మీద పేరు నాన్నది. పని ఒకటే. డబ్బు చేతులు మారే చోటికి వచ్చేసరికి అది మగవాడి వృత్తి అవుతుంది. ఆడవాళ్లకు ఏ పని సహజమో చెప్పేవాళ్లు దీన్ని ఎలా సర్దిచెబుతారో వినాలని ఉంది.

బ్రిటన్‌కు చెందిన డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1981లో దీని మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఎగుమతి ఫ్యాక్టరీలు "ఆడవాళ్ల వేళ్లు చురుకు, ఓపిక ఎక్కువ" అని పొగుడుతూ వాళ్లను పనిలో పెట్టుకుంటాయి. ఆ చురుకు పుట్టుకతో వచ్చింది కాదని, చిన్నప్పటి నుంచి ఇంట్లో కుట్టుపని చేసి నేర్చుకున్నదని వాళ్లు చూపించారు. సర్టిఫికెట్ ఇచ్చే చోట నేర్చుకోలేదు కాబట్టి దాన్ని నైపుణ్యం అనరు, నైపుణ్యం కాదు కాబట్టి కూలి తక్కువ. పొగడ్తే జీతానికి కోత పెట్టే కత్తి అవుతుందన్నమాట.

బెంగళూరు చుట్టుపక్కల గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు ఇది అచ్చంగా సరిపోతుంది. మిషన్ల ముందు కూర్చునేవారిలో అత్యధికులు మహిళలు. ఇక ఆడవాళ్లు అణిగిమణిగి ఉంటారన్న నమ్మకం సంగతి 2016 ఏప్రిల్‌లో తేలిపోయింది. పీఎఫ్ డబ్బు తీసుకోవడంపై కేంద్రం కొత్త ఆంక్షలు పెట్టినప్పుడు వేలాది గార్మెంట్స్ కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్లు, రెండు రోజులు బెంగళూరు రోడ్ల మీదకు వచ్చారు. కేంద్రం ఆ నిబంధన వెనక్కు తీసుకుంది.

దీనికి ఇంకో రూపం పెళ్లి. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు దగ్గర ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఐఫోన్ బిగించే ఉద్యోగాలకు పెళ్లయిన ఆడవాళ్లను తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. కంపెనీ వివక్ష ఆరోపణను ఖండించింది. కేంద్ర కార్మికశాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక కోరింది. ఆడ, మగ తేడాతో ఉద్యోగం నిరాకరించకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. ఆ సంస్థ ఫ్యాక్టరీ ఇప్పుడు మన దారిలోనే, దేవనహళ్లి దగ్గర కూడా వచ్చింది. మన అమ్మాయిలు దరఖాస్తు పెట్టుకునే చోటు కాబట్టి ఈ సంగతి పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

మాటల సంగతి

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక చేతిపుస్తకం తెచ్చింది. తీర్పుల్లో, వాదనల్లో ఆడవాళ్ల గురించి వాడకూడని మాటలు, వాటి బదులు వాడవలసినవి అందులో ఉన్నాయి. ఉద్యోగం చేసే ఆడమనిషిని "కెరీర్ ఉమన్" అనక్కర్లేదు, "ఉమన్" అంటే చాలు అంటుంది. మగవాడిని ఎవరూ "కెరీర్ మ్యాన్" అనరు కదా!

మన తెలుగులో ఇలాంటి జాబితా రాస్తే పొడుగే అవుతుంది. చెట్టెక్కిన పిల్ల మగరాయుడు, ఏడ్చిన పిల్లాడు ఆడపిల్ల. పిరికివాడిని "గాజులు తొడుక్కున్నావా" అంటాం, కన్నడంలోనూ ఇదే తిట్టు. చింతామణి పక్కన కైవారంలో మాత్రం ఈ తిట్టు కాస్త ఆలోచించి వాడాలి. తెలుగులో, కన్నడంలో కీర్తనలు రాసిన కైవారం తాతయ్య, యోగి నారేయణ, గాజులమ్మి బతికినవారు.

ఈ అభిప్రాయాలు పిల్లల్లో ఎంత త్వరగా నాటుకుంటాయో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2017లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, అయిదేళ్ల ఆడపిల్లలు "చాలా చాలా తెలివైనవాళ్లు" అంటే తమలాంటివాళ్లనే చూపించారు. ఆరేళ్లకే ఆ నమ్మకం తగ్గింది. అంటే ఒకటో తరగతి. అంతకుముందు డేవిడ్ ఛాంబర్స్ 4,807 మంది పిల్లలతో శాస్త్రవేత్త బొమ్మ వేయించి 1983లో ఫలితాలు ప్రచురించారు. ఆడ శాస్త్రవేత్తను గీసినవాళ్లు 28 మంది, అందరూ ఆడపిల్లలే. ఈ బొమ్మల పరీక్ష ఏ బడిలోనైనా పెట్టొచ్చు, ఖర్చు ఒక తెల్లకాగితం. ముందుగా ఏమీ చెప్పకుండా వేయించండి.

బొమ్మలయ్యాక చెప్పడానికి తెలుగు కథ ఒకటి ఉంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు చేతిలో నెలల బిడ్డతో వైధవ్యం. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్, కూతురిని అక్కడే చేర్పించారు. ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరై కలకత్తాలో పనిచేస్తూ భాక్రానంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలో పాలుపంచుకున్నారు. ఆమె డిగ్రీ పత్రంలో అచ్చయి ఉన్న "అతడు" అన్న ఇంగ్లిష్ మాటను కొట్టేసి, చేత్తో "ఆమె" అని రాయాల్సి వచ్చింది. ఆడది ఆ పత్రం తీసుకుంటుందని అచ్చు వేసినవాళ్లకు తోచలేదు మరి.

లెక్కల టీచర్లకు ఒక సూచన. పట్టు మేపే ఇళ్ల పిల్లలున్న తరగతిలో ఒక పంట లాభనష్టాల లెక్క వేయించండి. మార్కెట్‌లో వచ్చిన సొమ్ము, గుడ్ల ఖర్చు, ఆకు, మందు, బయటి కూలీలు, రవాణా. చివర్లో "ఇంటివాళ్ల కూలి" అని ఒక గడి గీయించి, ఎవరు రోజుకు ఎన్ని గంటలు పనిచేశారో ఇంట్లో అడిగి రమ్మనండి. రేటు ఎంత వేయాలి అని పిల్లలు అడుగుతారు. ఊళ్లో మగకూలీకి ఇచ్చేదే వేయించండి. ఆ లెక్క ఇంటికి తీసుకెళ్లి అమ్మకూ నాన్నకూ చూపించాలి, ఇద్దరి సంతకాలతో మర్నాడు తేవాలి.