పక్షపాతము నోటిలోనిదా, కంటిలోనిదా?

తన యూరి జట్టు ఆడుచున్నప్పుడు, ఎదుటి జట్టువాడు కాలు అడ్డుపెట్టినచో దానిని ఘోరాపరాధముగను, తనవాడు అట్లే చేసినచో ఆటలో సహజముగ కలిగిన తాకిడిగను ఎంచి, రిఫరీ విరుద్ధముగ ఈల ఊదినంతనే అతనికి కన్నులు లేవని ఘోషించు అభిమానిని మనమందఱము ఎఱుగుదుము. నిజము తెలిసియు మమకారముచేత దానిని దాచుచున్నాడని లోకులు తలంతురు. ఆ తలంపు సరికాదనుటకును, అతని మాట సత్యమునకు దూరమైనను అతడు బుద్ధిపూర్వకముగ అబద్ధమాడుట లేదనుటకును, మనశ్శాస్త్రమున డెబ్బది సంవత్సరములుగా ప్రోగుపడిన నిదర్శనములు కలవు. వానిలో మొదటివరుసలో నిలుచునది, నేటికిని నాకు మిక్కిలి ముచ్చటగొలుపునది, అమెరికాలో జరిగిన ఒక ఫుట్‌బాల్ ఆట కథ.

1951 నవంబరు 23వ తేదీన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు జట్టు, తన మైదానముననే, డార్ట్‌మత్ కళాశాల జట్టుతో తలపడెను. అది అమెరికావారి ఫుట్‌బాల్. బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, అట్లు పరుగెత్తువానిని పట్టి పడద్రోయుటయు అందు న్యాయసమ్మతములే కనుక, ఒప్పుకొనదగిన మోటుతనమునకును ఒప్పుకొనరాని దానికిని నడుమ గీత మిక్కిలి సన్నము. ఆ యేడు ఓటమి యెఱుగని ప్రిన్స్‌టన్ జట్టునకు డిక్ కాజ్‌మయర్ అను యువకుడు ఆయువుపట్టు; ఆ దినములలోనే అతని చిత్రము టైమ్ పత్రిక ముఖపత్రముపై వెలువడియుండెను. ఆట రెండవ పాదమున అతని ముక్కు విరిగి అతడు మైదానము విడిచిపోయెను. మూడవ పాదమున డార్ట్‌మత్ ఆటగా డొకని కాలు విరిగెను. 13–0 తేడాతో ప్రిన్స్‌టన్ గెలిచినను కలహము సమసిపోక, ఉభయ విద్యాలయముల పత్రికలును ఎదుటివారిదే దోషమని వ్రాయసాగెను.

డార్ట్‌మత్‌కు చెందిన ఆల్బర్ట్ హేస్టార్ఫ్, ప్రిన్స్‌టన్‌కు చెందిన హాడ్లీ కాంట్రిల్ అను ఇద్దఱు మనశ్శాస్త్రజ్ఞులు ఈ కలహమునే పరిశోధనవస్తువుగ గైకొనిరి. మోటుతన మెవరు మొదలిడిరని విద్యార్థుల నడుగగా, ప్రిన్స్‌టన్‌వారిలో నూటికి 86 మంది డార్ట్‌మత్‌వారే యనిరి. డార్ట్‌మత్‌వారిలో అట్లు ఒప్పుకొన్నవారు నూటికి 36 మందియే, సగమునకు మించినవారు ఉభయులును మొదలిడిరనిరి. ఇంతవరకు వింత లేదు. ఇది నోటిమాట మాత్రమే కావచ్చును. అసలు పరీక్ష తరువాతిది. ఆ ఆటను పట్టిన ఫిల్మునే రెండుచోట్లను విద్యార్థులకు చూపి, చూచుచున్నంతసేపును కంటబడిన ప్రతి నియమభంగమును కాగితముపై గుర్తింపుమనిరి. డార్ట్‌మత్ విద్యార్థులకు సగటున తమ జట్టు చేసిన తప్పులు 4.3, ఎదుటి జట్టు చేసినవి 4.4 కనబడెను. ప్రిన్స్‌టన్ విద్యార్థులకు తమ జట్టు తప్పులు 4.2 కనబడగా, డార్ట్‌మత్‌వారి తప్పులు 9.8 కనబడెను. తెఱ యొకటే, బొమ్మ యొకటే. ప్రిన్స్‌టన్‌వారికి కనబడిన డార్ట్‌మత్ తప్పులలో సగమునకు పైగా డార్ట్‌మత్‌వారికి కనబడనే లేదు!

ఇంతకంటె విశేషము, ఆ ఫిల్మును దూరప్రాంతమున నున్న ఒక డార్ట్‌మత్ పూర్వవిద్యార్థికి పంపినప్పుడు జరిగినది. తన కళాశాలవారు ఘోరకృత్యము లొనర్చిరని విని యుండిన ఆయన, ఫిల్మంతయు చూచియు అట్టిదేదియు గానక, ముఖ్యభాగమును ఎవరో కత్తిరించిరని నిశ్చయించి, ఆ ముక్కను విమానపు టపాలో పంపుడని తంతి నిచ్చెను. నిజమునకు ఆయనకు అందినది సమగ్రమైన ఫిల్మే. ఆయన చిత్తశుద్ధిని శంకింప వీలులేదు. కల్లలాడువా డెవడును లేని ముక్కకై తంతిఖర్చు పెట్టుకొనడు.

1954లో ఈ ఫలితములను ప్రకటించుచు పరిశోధకులు, అందఱును చూచిన ఆట యనునది ఒకటి వెలుపల లేనేలేదనియు, ఎవరి ఆటను వారే నిర్మించుకొనిరనియు భావించిరి. ఈ తీర్మానము నాకు కొంత అతిగా తోచును. విరిగిన ముక్కును, విరిగిన కాలును ఏ కళాశాల కన్నులతో చూచినను విరిగినవే. చూపు మాఱునది సందిగ్ధస్థలములందే. కాని పోటాపోటీగ సాగు ఆటలో సందిగ్ధస్థలములే అధికము గనుక అభిమానమునకు చోటు కొఱవడదు.

మెదడులో ఈ వంకర ఏ దశయందు ప్రవేశించుననుటకు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన కొంత వెలుగునిచ్చినది. అచ్చట కొందఱిని ఏ సంబంధమును లేకయే రెండు జట్లుగ విడదీసి, ఇరుజట్లవారి చేతికదలికలను తెఱపై చూపి, ఎవరిది వేగమని అడిగిరి. సరిసమానమైన కదలికలలోను పలువురు తమ జట్టువానిదే వేగమనిరి. అట్లనినవారి మెదడునందు, కదలికను చూచు సమయముననే అధఃపార్శ్వఖండమను భాగము యొక్క స్పందన వేఱుగ నుండెను. తీర్పు చెప్పు క్షణమున అట్టి భేదము కానరాలేదు. నోటికన్న ముందే కన్ను తీర్పిచ్చినదన్నమాట.

జట్టు ఇంత త్వరగా మనదగుట యెట్లు? 1970 ప్రాంతమున హెన్రీ టాజ్‌ఫెల్ ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున బడిపిల్లలను, ఇద్దఱు చిత్రకారులలో ఎవరి బొమ్మలు నచ్చినవను నెపముతో రెండు గుంపులుగ జేసి, డబ్బు పంచుమనెను. ఒకరి నొకరు చూడకయు, తమకు లాభము లేకయు, వారు తమ గుంపుకే ఎక్కువ యిచ్చిరి. అంతేకాక, ఎదుటిగుంపుతో అంతరము పెరుగునన్నచో తమ గుంపు రాబడి తగ్గుటకైనను వెనుదీయలేదు. క్షణములో కట్టిన గుంపుకే ఇంత బలముండగా, పుట్టిపెరిగిన ఊరు, తండ్రి వ్రేలు పట్టుకొని వెళ్లిన మైదానము, వీథివారందఱు కలిసి కేకలువేసిన సాయంత్రములు కూర్చిన జట్టునకు ఎంత బలముండునో ఊహింపవచ్చును. ఆ బలము దేహమునకును తాకును: 2006 సాకర్ ప్రపంచకప్పులో జర్మనీ జట్టు ఆడిన దినములందు మ్యూనిక్ ప్రాంతమున హృద్రోగపు అత్యవసరఘటనలు సాధారణదినములకంటె 2.66 రెట్లు నమోదైనవి.

ఏ పక్షమును లేని రిఫరీ సంగతి చూతము. 2002లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, లివర్‌పూల్ సాకర్ జట్టు స్వస్థలమున ఆడిన ఆటలోని 47 ఘట్టములను 40 మంది అర్హులైన రిఫరీలకు చూపిరి. కొందఱికి జనఘోషతోను, కొందఱికి నిశ్శబ్దముగను. ఘోష విన్నవారు స్వస్థలపు జట్టుపై ప్రకటించిన తప్పులు సుమారు 15 శాతము తక్కువ. 2020లో మహమ్మారి కారణముగ ఖాళీ మైదానములలో ఆడినప్పుడు, అతిథిజట్టులకు పసుపుకార్డులు అధికముగ చూపు అలవాటు తగ్గిపోయినదని యూరపు పరిశోధకులు పలువురు గుర్తించిరి.

క్రికెట్టు ఈ సత్యమును ప్రయోగశాలలకు వెలుపలనే గ్రహించినది. ఆతిథ్యదేశపు అంపైర్లపై అనుమానములు పెరిగిన కాలమున, 1986 నవంబరులో లాహోరులో పాకిస్తాను, వెస్టిండీసుల నడుమ జరిగిన టెస్టునకు మన హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి, బొంబాయికి చెందిన పిలూ రిపోర్టరు తటస్థ అంపైర్లుగ నిలిచిరి. 2002లో టెస్టులకు ఇద్దఱు అంపైర్లును తటస్థదేశీయులై యుండవలెనను నియమము ఏర్పడెను. ఆ నియమము అంపైర్ల సత్యసంధతను శంకించినదని కొందఱు నొచ్చుకొనిరి గాని, అది మానవనేత్రమునకు చేసిన న్యాయమని నా యభిప్రాయము.

పాఠకులారా, మీ యూరి జట్టుపై మీకున్న మమకారమును వదలుకొనుడని నేను కోరుట లేదు. ఈ మాఱు ఆట జరుగునప్పుడు ఎదుటి జట్టు అభిమాని నొకనిని ఇంటికి పిలిచి, చెఱియొక కాగితము పుచ్చుకొని, ఒకరి కొకరు చూపకుండ తప్పులు గుర్తింపుడు. లెక్కలు కలియనిచోట ఆ ఘట్టమును మఱల తెఱపై వేసి, మొదట అతని లెక్కయే సరియని తలంచి చూడుడు.